కృతజ్ఞత ఎవరికి? మొహేగన్ బోధకుడు శాంసన్ ఆకమ్ జీవితం

ఈ సంచికలో మన పెద్దలను తలచుకోవడం మనకు అలవాటే. ఈసారి సముద్రాల అవతల పుట్టిన ఒక ఆదివాసి పెద్ద గురించి రాస్తున్నాం. ఎందుకంటే, హాస్టళ్లలో ఉండి చదువుకుని పైకి వచ్చిన మన పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఒక మాట ఆయనకు 250 ఏళ్ల కిందటే ఎదురైంది. చదువు చెప్పించాం, తిండి పెట్టాం, నలుగురిలో నిలబెట్టాం, ఇప్పుడు మమ్మల్నే ప్రశ్నిస్తావా, నీకు విశ్వాసం లేదా అనే మాట అది.

తెలుగులో విశ్వాసం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చర్చిలో విశ్వాసం అంటే దేవుని మీద నమ్మకం. బయట విశ్వాసం అంటే అన్నం పెట్టినవాడి పట్ల ఉండవలసిన కృతజ్ఞత. ఈ రెండూ ఒకటేనా, ఒకటి ఉంటే రెండోదాని పేరు చెప్పి నోరు మూసుకోవాలా అనేదే ఆయన జీవితమంతా నడిచిన గొడవ. మనలో కొందరం క్రైస్తవులం, కొందరం ఊరి దేవతలను కొలిచేవాళ్లం. ఈ కథ ఇద్దరికీ పనికొస్తుందనే రాస్తున్నాం.

ఆయన పేరు శాంసన్ ఆకమ్. తెలుగు బైబిల్లో సమ్సోను అని ఉండే పేరే ఇది. 1723లో, ఇప్పటి అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, న్యూ లండన్ పట్నానికి దగ్గర్లో ఉండే మొహేగన్ తెగలో పుట్టారు. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. ఇంగ్లండ్ రాజు పేరు మీద తెల్లవాళ్లు నడుపుతున్న వలస అది. కొలంబస్ దారి తప్పి పెట్టిన పేరు వల్ల అక్కడి ఆదివాసులందరినీ ఇండియన్లు అనేవారు. మన దేశం పేరు వాళ్ల నెత్తిన పడిందన్న మాట.

ఆకమ్ చిన్నప్పుడు వాళ్ల కుటుంబం ఒకచోట స్థిరంగా ఉండేది కాదు. విగ్వామ్ అనే గుడిసెల్లో ఉంటూ వేట, చేపలు, పిట్టల మీద బతికేవారు. పక్కన ఉన్న తెల్లవాళ్లతో చిన్న చిన్న వస్తువుల అమ్మకాలు తప్ప పెద్దగా రాకపోకలు లేవు. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా ఒక పెద్ద క్రైస్తవ ఉజ్జీవం లేచింది. ఊరూరా బోధకులు తిరిగి ప్రసంగాలు చేసేవారు. వాళ్ల మాటలు విని, చాలా నెలలు మనసులో నలిగి, 17వ ఏట ఆయన క్రీస్తును నమ్ముకున్నారు. నమ్ముకున్న వెంటనే ఆయనకు పుట్టిన కోరిక చదవడం. బడి లేదు. ఒక వాచకం సంపాదించి, తెల్లవాళ్ల ఇళ్లకు పదే పదే వెళ్లి, తెలియని అక్షరం చెప్పించుకునేవారు. తన తెగ పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

1743లో వాళ్లమ్మ సారా లెబనాన్ అనే ఊరికి బయల్దేరింది. ఇది బైబిల్లోని లెబానోను కాదు, కనెటికట్‌లోనే ఉన్న చిన్న ఊరు. అక్కడ ఎలియాజర్ వీలాక్ అనే పాస్టరు గారు కొందరు తెల్ల పిల్లలకు చదువు చెప్పేవారు. మా వాడికి ఒక వారం, రెండు వారాలు చదవడం నేర్పుతారా అని అడగమని ఆకమ్ తల్లిని బతిమాలారు. ఆ తల్లి అడిగింది. వీలాక్ రమ్మన్నారు. రెండు వారాలకని వెళ్లినవాడు దాదాపు 4 ఏళ్లు ఉండిపోయారు. ఇంగ్లీషు, లాటిన్, గ్రీకు నేర్చారు, హీబ్రూ మొదలుపెట్టారు. దీపం వెలుగులో చదివి చదివి కళ్లు పాడయ్యాయి. యేల్ కాలేజీకి వెళ్లాలన్న ఆశ అక్కడితో ఆగిపోయింది.

1749లో సముద్రపాయ దాటి లాంగ్ ఐలండ్ చివర ఉన్న మాంటాక్ అనే చోటికి చేపల వేటకు వెళ్లారు. అక్కడి ఆదివాసులు తమ పిల్లలకు పంతులుగా ఉండమన్నారు. ఉండిపోయారు. ఆయన బడి నడిపిన తీరు వింటే మన టీచర్లకు ముచ్చటేస్తుంది. కొందరు పిల్లలకు ఎంత చెప్పినా అక్షరాలు నోటికొచ్చేవి కానీ కంటికి గుర్తుండేవి కావు. దేవదారు చెక్కను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క దాని మీద ఒక్కో అక్షరం రాసిన కాగితం అంటించి, బల్ల మీద పేర్చేవారు. ఒక అక్షరాన్ని చూపించి, దాన్ని గుర్తుపట్టి తీసుకురమ్మనేవారు. తర్వాత ముక్కలన్నీ కలిపేసి, వరసగా పేర్చమనేవారు. పిల్లలకు అది ఆటలా ఉండేది. ఇప్పుడు శిక్షణ తరగతుల్లో మనకు కొత్త పద్ధతి అని చెప్పేది ఇలాంటిదే.

1751లో మాంటాక్ తెగ అమ్మాయి మేరీ ఫౌలర్‌ను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు పదిమంది పిల్లలు. పగలు బడి, ఆదివారం ఆరాధన, మధ్యలో రోగుల పరామర్శ, తగాదాల తీర్పు, చావులకు ప్రార్థన. ఇవన్నీ చేస్తూ పొలంలో మొక్కజొన్న, చిక్కుడు, బంగాళాదుంపలు పండించారు. పందులను పెంచారు. చీకటితో లేచి చేపలు పట్టారు. పక్క ఊరి వాళ్ల పాత పుస్తకాలు కుట్టిచ్చారు. చెక్క గరిటెలు, చెంచాలు, బకెట్లు, వెన్న చిలికే కుండలు చేశారు. తుపాకులకు కర్ర పిడులు బిగించారు. ఇదంతా ఎందుకంటే మిషన్ సంఘం వాళ్లు ఇచ్చే జీతంతో ఇల్లు గడిచేది కాదు కాబట్టి.

లెక్క ఆయనే రాసి పెట్టారు. 12 ఏళ్ల పనికి ఆయనకు ముట్టింది 180 పౌన్లు. అదే మొత్తం మరో మిషన్‌లో ఒక్క ఏడాదికి ఇచ్చారు. పైగా ఆయనకు దుబాసి అక్కర్లేదు. తన భాషలోనే బోధించగలరు, తెల్ల మిషనరీకైతే దుబాసికి వేరే జీతం ఇవ్వాలి. పని ఎక్కువ, జీతం తక్కువ. కారణం ఏమిటని తన్ను తాను అడుక్కుని, ఒక కథ రాశారు. ఒక ఆదివాసి కుర్రాణ్ణి తెల్లవాళ్ల ఇంట్లో పాలేరుగా పెట్టారు. నాగలి దగ్గర వాణ్ణి ఒకడు రోజూ కొట్టేవాడు. ఎందుకు కొడుతున్నాడని ఎవరో అడిగితే, నాకు ఎడ్లను తోలడం బాగా రాదు కాబట్టి కావచ్చు, కొట్టాలనిపించి కావచ్చు, కానీ ఎక్కువసార్లు నేను ఇండియన్‌ను కాబట్టే అని వాడు చెప్పాడట. ఆకమ్ తన జీతం సంగతికి కూడా అదే జవాబు రాసుకున్నారు. అలా పుట్టించుకున్నది తాను కాదని, దేవుడే తనను ఆదివాసిగా చేశాడని కూడా గుర్తు చేశారు.

ఇది 1768లో రాసిన ఆయన స్వీయచరిత్ర. ఆ రాత అచ్చులోకి రావడానికి 1982 దాకా పట్టింది.

మాంటాక్‌లో ఉండగానే ఆయన చేసిన మరో పని మన సంఘానికి బాగా దగ్గరది. 1754లో ఆదివాసి నాటు వైద్యుల దగ్గర నేర్చుకున్న వేర్లు, ఆకుల మందులను ఒక జాబితాగా రాశారు. 1761లో మాంటాక్ ప్రజల ఆచారాలను రాశారు. పెళ్లిళ్లు ఎన్ని రకాలు, పేర్లు ఎలా పెడతారు, ఏ దేవతలను కొలిచేవారు, మంత్రగాళ్ల శక్తి ఏమిటి, చావుకు ఏం చేస్తారు అన్నీ. క్రైస్తవుడయ్యాక పాతవన్నీ మరచిపొమ్మన్న కాలం అది. ఆయన మాత్రం రాసి ఉంచారు. పాత దేవతలను ఆయన నమ్మలేదు, ఆ విషయం దాచలేదు కూడా. కానీ తన వాళ్ల బతుకు రాయదగినదే అనుకున్నారు.

1759లో పాస్టరుగా అభిషేకం పొందారు. తర్వాత న్యూయార్క్ వైపు ఒనైడా తెగ దగ్గరకు సువార్త పనికి వెళ్లి వచ్చారు. ఇక మొహేగన్ భూముల తగాదా. వలస ప్రభుత్వం తమ భూములను అన్యాయంగా లాక్కుందని మొహేగన్లు తరాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ఆకమ్ తెగ పక్షాన నిలబడ్డారు. పాస్టరువి, భూముల గొడవ నీకెందుకని మిషన్ పెద్దలు ఆయనను నిలదీసి, 1765లో తప్పయిందని చెప్పించారు. చెప్పారు. కానీ తన తెగ మాట వదల్లేదు. ఆ కేసు చివరికి 1773లో మొహేగన్లకు వ్యతిరేకంగా తేలింది.

అదే 1765 చివర్లో ఆయన జీవితంలో పెద్ద ప్రయాణం. వీలాక్ అప్పటికి ఆదివాసి పిల్లల కోసం ఒక ఉచిత పాఠశాల నడుపుతున్నారు. దానికి డబ్బు కావాలి. ఆకమ్‌ను, నథానియల్ విటకర్ అనే తెల్ల పాస్టరును ఇంగ్లండ్‌కు పంపారు. భార్యా పిల్లల బాగోగులు తాను చూసుకుంటానని వీలాక్ మాటిచ్చారు. మేరీ అప్పటికి ఇంటినిండా పిల్లలతో ఉంది.

1766 ఫిబ్రవరిలో ఓడ దిగారు. లండన్‌లో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే పెద్ద బోధకుడు చేరదీశారు. ఆకమ్ రెండేళ్లకు పైగా ఇంగ్లండ్, స్కాట్లండ్ తిరిగి 300కు పైగా ప్రసంగాలు చేశారు. ఆదివాసి పాస్టరును చూడ్డానికి జనం విరగబడ్డారు. నాటకాల వాళ్లు ఆయనను అనుకరించి నవ్వించారని కూడా విన్నారు. వెనక నుంచి అమెరికాలోని కొందరు పెద్దలే ఈయన గొప్పగా చెప్పుకునేంత వాడు కాదని, చిన్నప్పటి నుంచీ క్రైస్తవులలోనే పెరిగాడని ఉత్తరాలు రాశారు. అయినా మూడో జార్జి రాజు 200 పౌన్లు ఇచ్చారు. మొత్తం సుమారు 12,000 పౌన్లు పోగైంది. ఆ రోజుల్లో అది మాటలు కాదు. ఆ ధర్మనిధికి పెద్దగా డార్ట్‌మత్ ప్రభువును పెట్టారు.

1768లో ఇల్లు చేరేసరికి భార్య, పిల్లలు జబ్బులతో, లేమితో ఉన్నారు. ఇచ్చిన మాట నిలబడలేదు. ఇది ఒక దెబ్బ. రెండోది ఇంకా పెద్దది. వీలాక్ 1769లో రాజపత్రం సంపాదించి, పాఠశాలను న్యూ హ్యాంప్‌షైర్ అడవుల్లోకి మార్చి డార్ట్‌మత్ కాలేజీ పెట్టారు. చేరిన వాళ్లలో అత్యధికులు తెల్ల యువకులు. ఆకమ్ గడపగడపకూ తిరిగి, ఆదివాసి పిల్లలని చెప్పి అడిగిన డబ్బు మరొకరి చదువుకు దారి వేసింది.

వీలాక్ ఆయనకు పరాయివాడు కాదు. వారం రోజులు చదువు చెప్పమంటే 4 ఏళ్లు ఇంట్లో ఉంచుకున్న గురువు. అన్నం పెట్టిన చెయ్యి. ఏం చేయాలి? ఆకమ్ 1771లో గురువుకు ఉత్తరం రాశారు. అదే గురువు దగ్గర నేర్చుకున్న లాటిన్‌లో మాటలతో ఆడుతూ, పాలిచ్చే తల్లిగా ఉండవలసిన విద్యాలయం తెల్లగా మారిపోయిందని, నల్లటి పిల్లలకు పాలివ్వలేనంత తెల్లగా మారిందని ఎత్తిపొడిచారు. ఇంగ్లండ్‌లో పేదవాళ్లు కూడా నాణేలు ఇచ్చింది ఎవరి కోసమని అడిగారు. తిట్టలేదు. అబద్ధం రాయలేదు. అడిగారు. అంతటితో ఇద్దరి స్నేహం తెగిపోయింది.

విశ్వాసం లేనివాడన్నారు. గర్విష్ఠి అన్నారు. తాగుబోతు అన్నారు. 1769లో ఆయన తనంతట తానే, ఒకసారి మద్యం వల్ల అదుపు తప్పానేమోనని సంఘ పెద్దలకు చెప్పుకున్నారు. వాళ్లు విచారించి, రోజంతా తినకుండా ఉండి కొంచెం పుచ్చుకోవడం వల్ల తల తిరిగిందే తప్ప తాగుడు కాదని తేల్చారు. అయినా ఆ మాట ఆయన వెంట చాలాకాలం తిరిగింది. మిషన్ సంఘాల సాయం తగ్గిపోయింది. మళ్లీ చేపలు, చెక్కపని.

కృతజ్ఞత మాట అసలు ఇక్కడే వస్తుంది. మేము ఆయన జీవితం చదివినప్పుడు మొదట వెతికింది చేదును. చేదు ఉంది, ఆయన దాచలేదు. కానీ ఆయన డైరీల్లో, ప్రయాణాల రాతల్లో, రోజు గడిచిందని, నది దాటామని, ఎవరో తెలియని వాళ్లు రాత్రి చోటిచ్చారని దేవునికి స్తుతి చెల్లించడం కూడా కనిపిస్తుంది. దేవునికి చెప్పే కృతజ్ఞతకు ఆయన షరతు పెట్టలేదు. మనుషులకు చెప్పేదానికి మాత్రం లెక్క ఉండాలన్నారు. ఉపకారం చేసినవాళ్ల పట్ల ఎంత కృతజ్ఞత ఉన్నా, అది తన తెగ పిల్లల హక్కును వదిలేసేందుకు రాసిచ్చే పత్రం కాదు. దేవుడు ఇచ్చినదాన్ని మనిషి ఇచ్చినట్టు లెక్క రాయించుకుంటే ఒప్పుకోకపోవడం ఆయనకు విశ్వాసంలో భాగమే.

1772 సెప్టెంబరులో న్యూ హేవెన్‌లో మోసెస్ పాల్ అనే ఆదివాసిని ఉరితీశారు. తాగి ఒక తెల్లవాణ్ణి చంపాడన్న నేరం. ఉరికి ముందు ప్రసంగం చేయమని ఆ ఖైదీయే ఆకమ్‌ను కోరాడు. పెద్ద గుంపు చేరింది. చావబోయే వాడితో, తెల్లవాళ్లతో, తన ఆదివాసులతో వేర్వేరుగా మాట్లాడారు. మన జనాన్ని సారా ఎలా తింటోందో, భార్యాపిల్లల ముద్దను ఎలా లాక్కుంటోందో తన వాళ్లకు కటువుగానే చెప్పారు. ఆ ప్రసంగం అచ్చయి, మళ్లీ మళ్లీ ముద్రణలు పొందింది. అమెరికా ఆదివాసి ఇంగ్లీషులో రాసి తన పేరుతో అచ్చు వేసిన తొలి రచనల్లో అది ముఖ్యమైనది. సారా గురించి ఆయన చెప్పినది మన ఏజెన్సీ గ్రామాల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు.

1774లో కీర్తనల పుస్తకం తెచ్చారు. ఆయనే రాశారని చెప్పే కీర్తనలు కొన్ని అందులో ఉన్నాయి. ఆదివాసి సంఘాల్లో పాట అంటే ప్రాణం. పుస్తకం చదవలేని ముసలివాళ్లు కూడా పాట పట్టుకుంటారు. అదే ఏడాది, బానిసగా ఆఫ్రికా నుంచి తెచ్చిన కవయిత్రి ఫిలిస్ వీట్లీ ఆయనకు రాసిన ఉత్తరం పత్రికల్లో అచ్చయింది. స్వేచ్ఛను కోరే ఆశను దేవుడే మనిషిలో పెట్టాడన్నది ఆమె మాటల సారం.

ఆకమ్ ఆఖరి పెద్ద పని ఊరు కట్టడం. తీరప్రాంతంలో భూములు కరిగిపోతున్నాయి. మొహేగన్, మాంటాక్, పీకాట్, నర్రగాన్సెట్, నయాంటిక్, ఫార్మింగ్టన్ సమూహాల క్రైస్తవ ఆదివాసులు కలిసి లోపలికి వెళ్లి ఒక ఊరుగా బతకాలనుకున్నారు. ఆయన అల్లుడు జోసెఫ్ జాన్సన్, బావమరిది డేవిడ్ ఫౌలర్ ముందు నడిచారు. 1774లో ఒనైడా తెగ భూమి ఇచ్చింది. ఆ పత్రంలో ఒక మచ్చ కూడా ఉంది. ఆఫ్రికా రక్తం కలిసిన వాళ్లకు ఆ భూమిలో హక్కు లేదని రాసుకున్నారు. ఫిలిస్ ఉత్తరం వచ్చిన ఏడాదే ఇదీ జరిగింది. ఇది మనకు మింగుడు పడదు. ఆయన కథ చెబుతూ దీన్ని దాచడం సరికాదు.

వెంటనే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. అది తెల్లవాళ్ల తగాదా, మీరు అందులో దూరవద్దని ఆకమ్ తెగలకు చెప్పారు. అయినా చాలామంది యువకులు పోరులో పోయారు. జాన్సన్ కూడా ఆ సంవత్సరాల్లోనే చనిపోయారు. ఊరి పని పదేళ్లు ఆగింది.

1785 అక్టోబరులో, 60 దాటిన వయసులో ఆకమ్ మళ్లీ ఆ అడవిదారి పట్టారు. చీకటి పడుతుండగా డేవిడ్ ఫౌలర్ ఇంటి దగ్గరకు వచ్చేసరికి లోపలి నుంచి పాట వినిపించింది. అక్కడక్కడా గుడిసెలు వేసుకున్న కుటుంబాలన్నీ ఒకచోట చేరి కీర్తనలు పాడుకుంటున్నాయి. ఆయన లోపలికి వెళ్లారు. పెద్దల నుంచి చిన్నపిల్లల దాకా ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు. భూమి కేసు ఓడిపోయి, కాలేజీ చేజారి, పేరు మసకబారి, యుద్ధంలో చాలామందిని పోగొట్టుకున్న జనం వాళ్లు. పాడుతున్నవి మాత్రం స్తుతి పాటలు. ఆయన ఆ సాయంత్రాన్ని తన డైరీలో సంతోషంతో రాసుకున్నారు. మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా బాగా నచ్చిన రోజు అది. రాజుగారి 200 పౌన్ల రోజు కాదు.

నవంబరు 7న అందరూ కూర్చుని, ఊరికి బ్రదర్‌టౌన్ అని, అంటే అన్నదమ్ముల ఊరని పేరు పెట్టుకున్నారు. తమ భాషలోనూ పేరు పెట్టుకున్నారు. ఊరి పెద్దలను ఎన్నుకున్నారు. తర్వాత సంవత్సరాల్లో బ్రదర్‌టౌన్ భూములను తెల్లవాళ్లకు కౌలుకు ఇచ్చే ధోరణి మొదలైంది. కౌలు పేరుతో భూమి ఎలా పోతుందో ఆకమ్‌కు బాగా తెలుసు, మనకూ తెలుసు. ఆయన దానికి అడ్డం తిరిగి, సొంతవాళ్లతోనే పోట్లాడవలసి వచ్చింది. 1792 జూలై 14న, న్యూ స్టాక్‌బ్రిడ్జ్ అనే పక్క ఆదివాసి ఊళ్లో, 69వ ఏట కన్నుమూశారు.

బ్రదర్‌టౌన్ ప్రజలు తర్వాత పడమరకు, విస్కాన్సిన్‌కు తరలవలసి వచ్చింది. ఈనాటికీ తమ తెగకు ప్రభుత్వ గుర్తింపు కోసం అడుగుతూనే ఉన్నారు. మొహేగన్‌లో మాత్రం ఆకమ్ చెల్లెలు లూసీ ఉండిపోయింది. ఆమె కుటుంబపు స్త్రీలు పూనుకుని ఇచ్చిన స్థలంలో 1831లో చర్చి వెలిసింది. తెగ భూములన్నీ చెదిరిపోయిన కాలంలో కూడా మొహేగన్లు కలుసుకునే చోటుగా ఆ చర్చి మిగిలింది. 1994లో వాళ్ల తెగకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు వచ్చింది.

డార్ట్‌మత్ కాలేజీ మొదటి 200 ఏళ్లలో పట్టా పుచ్చుకున్న ఆదివాసులు 20 మంది లోపే. 1970 తర్వాత ఆ కాలేజీ తన మొదటి మాటను మళ్లీ తలకెత్తుకుని ఆదివాసి విద్యార్థులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆకమ్ చేతిరాత కాగితాలు, ఉత్తరాలు, డైరీలు, ప్రసంగాలు ఇన్నేళ్లూ ఆ కాలేజీ గ్రంథాలయంలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 27న కాలేజీ అధ్యక్షుడే వాటిని తీసుకుని కనెటికట్‌కు వచ్చి, ఆకమ్ పుట్టిన నేల మీద మొహేగన్ తెగ పెద్దల చేతిలో పెట్టారు.